ఒకే యూరి గోల్ఫు మైదానములు

గోల్ఫుక్రీడలో చిన్న బంతిని కఱ్ఱతో కొట్టుచు, దూరదూరముగా నున్న గుంటలలో క్రమముగా పడవేయవలెను. తక్కువ దెబ్బలతో ముగించినవారిదే గెలుపు. సాధారణముగా 18 గుంటలుగల మైదానమును కోర్సందురు. ఒకేచోట పెక్కు కోర్సులున్నయెడల వానిలో నేది శ్రేష్ఠమని యడుగుట సహజము. ఈ ప్రశ్నను విచారించుటకు స్కాట్లండు తూర్పుతీరమందలి సెంట్ ఆండ్రూస్ పట్టణమును దృష్టాంతముగా గైకొందము. అచ్చట నేడు కోర్సులు గలవు. అవి యే యొక్క క్లబ్బువారికో పరిమితములు గావు. సామాన్యజనులును రుసుము చెల్లించి యాడవచ్చును.

వీనిలో ప్రాచీనమైనది ఓల్డు కోర్సు. పూర్వ మచ్చట నొక యాటకు 22 గుంటలుండెడివి. 1764లో వానిని 18కి తగ్గించిరి. ఆ లెక్కయే క్రమముగా లోకమంతట నిలిచినది. గుంటచుట్టు నుండు నున్నని పచ్చికను గ్రీనందురు. ఇచ్చట 14 గుంటలు జతలుగా గూడి యేడు గ్రీనులను పంచుకొనుచున్నవి. 2వ గుంటకు 16వది, 3వదానికి 15వది జత. ఏ జత సంఖ్యలను గూడినను 18 వచ్చును. మైదానము వెడల్పగుటచే క్రొత్తవాడు సులభమని భ్రమపడును. కాని యందలి 112 ఇసుకగుంటలలో పెక్కులు దూరమునుండి కానరావు. ఆదివారమున సాధారణముగా నచ్చట నాట లేదు. పురజనులు వ్యాహ్యాళి కేగుదురు. ఆ నేలకును విశ్రాంతిదినము గలదన్నమాట.

న్యూ కోర్సు 1895లో నేర్పడినది. పేరునకు క్రొత్తదేగాని నూరేండ్లు దాటినది. దీని బాట లిఱుకు. అయినను బంతిని ఎటు కొట్టవలెనో కంటికి దెలియును. మొదటిది జ్ఞాపకశక్తిని పరీక్షించును. రెండవది గుఱిని పరీక్షించును. బాల్గోవు కోర్సులో 9 గుంటలే కలవు. అది బాలురకును, నేర్చుకొనువారికిని తగినది.

జూబిలీ కోర్సు చరిత్రము విచిత్రమైనది. విక్టోరియా రాణి వజ్రోత్సవ సంవత్సరమగు 1897లో దానిని స్త్రీలకును, క్రొత్తవారికిని ఉద్దేశించి 12 గుంటలతో తెఱచిరి. తరువాత నది 18 గుంటలదయ్యెను. 1988లో డొనాల్డ్ స్టీల్ అను శిల్పి దానిని సంస్కరించెను. నేడు పెక్కురు దానినే యచ్చటి కోర్సులలో మిక్కిలి కఠినమైనదిగా నెన్నుచున్నారు. 2007లో స్త్రీల బ్రిటిష్ ఓపెన్ పోటీ మొదటిసారి ఓల్డు కోర్సుపైననే జరిగెను. మెక్సికో దేశీయురాలగు లొరీనా ఒచోవా గెలిచెను. ఒకనాడు స్త్రీలకై ప్రత్యేకించిన మైదానము కఠినమైనదయ్యెను. స్త్రీలో, సర్వప్రాచీనమైన మైదానమున తమ నేర్పును జూపిరి.

కావున పోల్చునప్పు డొక్క కొలత చాలదు. వయస్సుచే నొకటి, కాఠిన్యముచే నొకటి, నేర్పుటచే నొకటి శ్రేష్ఠము. బంతి నెన్నడు కొట్టని బాలునకు బాల్గోవే యుత్తమము. మైదానమునకు గాని మనుష్యునకు గాని తొలినాడు కట్టిన వెల తుదివెల కాదు. తరగతిలో వెనుక బల్లపై గూర్చుండు సహపాఠి నెంచునప్పుడు మన మీ సంగతి మఱవకుందుము గాక.