పదహారేళ్ల పిల్లలకు ఇంటి లెక్క చెప్పండి

ఫిబ్రవరి వచ్చిందంటే పల్నాట ఏ ఊరి పొలిమేర చూసినా కళ్లాలు ఎర్రగా పరుచుకుని ఉంటాయి. గురజాల వైపు వెళ్లినా అంతే, రెంటచింతల వైపు వెళ్లినా అంతే. తల్లి కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని తాలుకాయ ఏరుతుంటుంది. పక్కనే పదో తరగతి చదివే కూతురు, బడి నుంచి వచ్చిన బట్టలతోనే కూర్చుని ఏరుతుంటుంది. ఆ వేళప్పుడు ఒక మోటారు సైకిలు వచ్చి ఆగుతుంది. దిగినతను కాలేజీ పీఆర్వో. సంచిలోంచి రంగుల కాగితం తీసి, "ఇప్పుడే సీటు మాట్లాడుకుంటే ఫీజులో తగ్గింపు ఉందండీ, పరీక్షలయ్యాక అయితే నా చేతుల్లో ఉండదు" అంటాడు. తండ్రి కాసేపు మిరపకాయల వంక చూస్తాడు, కాసేపు కాగితం వంక చూస్తాడు. ఎంపీసీనా బైపీసీనా అన్నది అక్కడే తేలిపోతుంది. ఏ ఊరు, ఏ హాస్టలు అన్నదీ తేలిపోతుంది. అడ్వాన్సు చేతులు మారుతుంది. ఇంతసేపూ ఆ పిల్లను ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. తనూ తలెత్తి చూడదు.

ఆ తండ్రిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. తన బిడ్డ ఈ ఎండలో, ఈ కారంలో బతక్కూడదనే ఆయన తాపత్రయమంతా. కానీ ఆ పిల్ల జీవితం గురించి జరిగిన పెద్ద బేరం ఆ పిల్ల ఎదురుగానే, ఆ పిల్ల ప్రమేయం లేకుండా జరిగింది. అమ్మలకూ అయ్యలకూ నేను చెప్పదలుచుకున్నదంతా ఆ ఒక్క చోటి గురించే.

"నువ్వు చదువుకో చాలు, మిగతావన్నీ మేం చూసుకుంటాం" అని ప్రతి ఇంట్లోనూ అంటాం. ప్రేమతోనే అంటాం. ఆ ప్రేమ వల్ల పిల్లలు పదో తరగతిలో అయిదు వందల డెబ్బై మార్కులు తెచ్చుకుంటారు గానీ, బ్యాంకుకు వెళ్లి డబ్బు తీసుకునే కాగితం నింపమంటే నాన్న వైపు చూస్తారు. ఆదాయ సర్టిఫికెట్టు ఎక్కడిస్తారో తెలియదు. నరసరావుపేట బస్టాండులో ఏ ప్లాట్‌ఫారం మీద ఏ బస్సు ఆగుతుందో తెలియదు. అట్లాంటి పిల్లను పదహారో ఏట తీసుకెళ్లి గుంటూరులోనో విజయవాడలోనో ఒక హాస్టలు గదిలో దింపి వచ్చేస్తాం. నిన్నటిదాకా చిన్నపిల్ల. ఈ రోజు నుంచి తన తిండి, తన నిద్ర, తన జ్వరం, తన బెంగ, తన స్నేహాలు అన్నీ తనే చూసుకోవాలి. ఒక్క రాత్రిలో ఎవరికైనా అంత పెద్దరికం ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకే ఎనిమిదో తరగతి నుంచే కొంచెం కొంచెంగా పని అప్పగించండి. సచివాలయానికి కుల, ఆదాయ సర్టిఫికెట్ల కోసం పిల్లలనే పంపండి. మీరు వెంట వెళ్లండి గానీ మాట్లాడేది వాళ్లే కావాలి. తప్పు రాస్తే రాయనివ్వండి, మళ్లీ వెళ్లి దిద్దించుకుంటారు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎక్కడెక్కడ చదివారో ఆ స్టడీ సర్టిఫికెట్లన్నీ ఒక ఫైలులో పెట్టుకునే బాధ్యత పిల్లలదే చేయండి. ఇది ఉత్త క్రమశిక్షణ కోసం చెబుతున్న మాట కాదు. మన దగ్గర ఇంజినీరింగ్, మెడికల్ కన్వీనర్ సీట్లలో 85 శాతం స్థానికులకే. గుంటూరు జిల్లాతో పాటే మన పల్నాడూ ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం కిందికి వస్తుంది. పిల్లలు ఏ ఏళ్లలో ఎక్కడ చదివారన్నదాన్ని బట్టే ఆ స్థానికత. మాచర్ల వాళ్లకు సాగర్ దాటితే తెలంగాణ, దాచేపల్లి వాళ్లకు కృష్ణ దాటితే మిర్యాలగూడ. బంధువులున్నారని ఏడో తరగతిలో అటు పంపి, ఇంటర్‌కు ఇటు తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. రాష్ట్రం విడిపోయినప్పుడు పెట్టిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో అయిపోయింది. పిల్లను నది దాటించే ముందు ఈ సంగతి కనుక్కోండి. కౌన్సెలింగ్ రోజున కంప్యూటర్ ముందు కూర్చుని కనుక్కుంటే చేయగలిగేదేమీ ఉండదు.

ఇక ఇంటి సంగతులు. మనం పిల్లల దగ్గర దాచేవాటిలో మొదటిది అప్పు. "చదువు పాడవుతుంది, దాని చెవిన వేయొద్దు" అంటాం. బాలచంద్రుడి కథ తెలియని పల్నాటి ఇల్లుండదు. కొడుకెక్కడ యుద్ధానికి పోతానంటాడోనని తల్లి ఐతమ్మ కార్యమపూడి యుద్ధం సంగతి వాడి చెవిన పడకుండా కాపాడుకొచ్చింది. చివరికేమైంది? బొంగరాలాటలో దెబ్బ తగిలిన ఎవరో పరాయి పిల్ల ఎత్తిపొడిస్తే వాడికి తెలిసింది. ఇంట్లో నెమ్మదిగా చెప్పుకోవలసిన మాట వీధిలో దెప్పుగా వినబడింది. మనిళ్లలోనూ అంతే. అప్పుల వాళ్లు గుమ్మంలోకి వచ్చి అరిచిన రోజున పిల్లలకు తెలుస్తుంది. లేదా ఫీజు బాకీ ఉందని పదిమందిలో నిలబెట్టినప్పుడు తెలుస్తుంది. అప్పుడు కలిగే సిగ్గు, భయం మీరు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినప్పుడు ఉండవు.

మిర్చి ధర సంగతే తీసుకోండి. ఒక ఏడు క్వింటా ఇరవై వేలు దాటింది. 2025 ఫిబ్రవరికి ధర ఎంతగా పడిపోయిందంటే, మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు లెక్కగట్టాల్సి వచ్చింది. ఈ అంకెలు మీ నోటి నుంచి మీ పిల్లలు విన్నారా? ఎకరానికి కౌలెంత, పురుగుమందుల కొట్టులో ఖాతా ఎంత, కోత కూలి ఎంత, చేతికొచ్చింది ఎంత, అందులోంచి నీ ఫీజుకు ఇంత తీయగలం అని ఒక సాయంత్రం కాగితం మీద వేసి చూపించండి. పిల్లలు బెదిరిపోతారనుకుంటాం. చెప్పే తీరులో చెబితే బెదరరు. "మేం నీ కోసం కష్టపడుతున్నాం, నువ్వు ర్యాంకు తేవాలి" అన్నప్పుడే వాళ్ల గుండె మీద బరువు పడుతుంది. "ఇదీ మన లెక్క, ఇందులో ఏం చేద్దాం?" అని అడిగితే ఆ బరువులో వాళ్లూ ఒక చెయ్యి వేస్తారు. ఈ రెండు మాటలకూ ఎంతో తేడా ఉంది. ర్యాంకు రాకపోతే మొదటి మాట విన్న పిల్ల ఇంటికి రావడానికి భయపడుతుంది. రెండో మాట విన్న పిల్ల ఇంటికి వచ్చి మళ్లీ లెక్క వేద్దాం రమ్మంటుంది.

లెక్క వేయడం మొదలుపెడితే దారులు చాలానే కనిపిస్తాయి. పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల ఇంజినీరింగ్ చదువుకు తీసుకునే ట్రిపుల్ ఐటీలు నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళంలలో ఉన్నాయి. ప్రవేశ పరీక్ష రాసి చేరే రెసిడెన్షియల్ జూనియర్ కళాశాల మన మాచర్ల పక్కన విజయపురి సౌత్‌లోనే ఉంది, రెసిడెన్షియల్ డిగ్రీ కళాశాలా అక్కడే ఉంది. పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా. నరసరావుపేటలో 1950 నుంచి ఎస్.ఎస్.ఎన్. కళాశాల ఉంది, ఇప్పుడు జేఎన్‌టీయూ కాకినాడ వారి ఇంజినీరింగ్ కళాశాలా ఉంది. ఇవన్నీ కళ్లం దగ్గరికి మోటారు సైకిలు వేసుకుని వచ్చి చెప్పవు. మనమే వెళ్లి కనుక్కోవాలి. కార్పొరేట్ కాలేజీలో చేర్చవద్దని కాదు. అందులో చదివి బాగుపడ్డ పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అయితే చేర్చే ముందు పిల్లను వెంట తీసుకెళ్లి హాస్టలు గది చూడండి. రాత్రి ఎన్నింటికి నిద్రపోనిస్తారో, ఒంట్లో బాగా లేకపోతే ఎవరు చూస్తారో, మధ్యలో మానేస్తే డబ్బు ఎంత తిరిగి ఇస్తారో పిల్ల ముందే అడగండి. ఫలితాలు రాకముందు అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి. పిల్లకు తన మనసేమిటో తెలియడానికే పరీక్షలయ్యాక నెల రోజులన్నా పడుతుంది.

ఆడపిల్లల గురించి ఒక మాట విడిగా చెప్పాలి. కోతల కాలంలో కూలీలు దొరకనప్పుడు బడి మానేది ముందు ఆడపిల్లే. మార్చిలో పబ్లిక్ పరీక్షలు, ఆ ముందు నెలలే కోతలు. వారానికి రెండు రోజులే కదా అనుకుంటాం. పదో తరగతిలో ఆ రెండు రోజులే లెక్కల్లో వెనక్కి లాగుతాయి. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చట్టప్రకారం నేరమన్నది అందరికీ తెలుసు. నేను అడిగేది అంతకంటే కొంచెం ఎక్కువ. ఇంటర్ పూర్తి కాగానే సంబంధాలు చూడటం మొదలుపెట్టకండి. డిగ్రీ చేతికొచ్చి, సొంతంగా జీతం రాళ్లు చూసిన పిల్ల ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా నిలదొక్కుకుంటుంది.

ఇప్పుడు బడి గురించి. ఫీజు కట్టడానికో, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకానికో తప్ప బడి గడప తొక్కని తల్లిదండ్రులే ఎక్కువ. ప్రభుత్వ బడుల్లో 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు, 2025 జూలై 10న మళ్లీ పెట్టారు. చాలామంది వచ్చారు, సంతోషం. అయితే పండగ రోజు వెళ్లి రావడం వేరు, మామూలు రోజున వెళ్లడం వేరు. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలి. 2025లో తల్లికి వందనం కింద లెక్కగట్టిన 15,000లో 2,000 రూపాయలు బడి నిర్వహణకే పక్కన పెట్టారు. ఆ డబ్బుతో మరుగుదొడ్డి తలుపు వేశారా లేదా అని అడగడం కమిటీలో ఉన్న తల్లి హక్కు. సంతకం పెట్టి ఇంటికి వచ్చేయకండి, అడగండి. తొమ్మిదో తరగతి పిల్లలను ఒకరిద్దరిని ఆ మాటలు జరిగేటప్పుడు పక్కన కూర్చోనివ్వమని హెడ్మాస్టరు గారికి చెప్పండి. నలుగురి పని నలుగురూ కలిసి ఎట్లా చేస్తారో వాళ్లు చూడటానికి అంతకంటే మంచి చోటు లేదు.

ఆ కమిటీలోకి పార్టీలను మాత్రం తీసుకెళ్లకండి. మధ్యాహ్న భోజనం బెంచీ మీద ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న మాటను కూడా ఇంటి నుంచి పంపకండి. కులాలను పక్కన పెట్టి అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి కూడు పెట్టిన బ్రహ్మనాయుడిని తలుచుకునే మాచర్ల సీమ మనది. బడిలో కలిసి తిన్న పిల్లలు రేపు ఏ హాస్టలుకు వెళ్లినా ఎవరితోనైనా కలిసి బతకగలుగుతారు.

2024 మే 13 పోలింగ్ తర్వాత మన జిల్లాలో 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చిన సంగతి ఇంకా ఎవరూ మరిచిపోలేదు. గొడవలకు పిలిచేటప్పుడు పెద్దలు వెనక ఉంటారు, ముందుకు నడిచేది మీసాలు రాని కుర్రాళ్లు. పద్దెనిమిదో ఏట కేసులో పేరు ఎక్కితే పాస్‌పోర్టుకు అడ్డం, ప్రభుత్వోద్యోగం విచారణలో అడ్డం. ఏ నాయకుడూ వచ్చి ఆ పేరు తీయించడు. మీ అబ్బాయికి ఓటు వచ్చిన ఏడాది కూర్చోబెట్టి చెప్పండి: ఎవరికి వేస్తావో నీ ఇష్టం, వీధిలోకి మాత్రం వెళ్లొద్దు. మీ ఇంటి పార్టీకే వేయమని కూడా అడగకండి. తన ఓటు తనదని ఇంట్లో ఒప్పుకుంటేనే తన బతుకు తనదని అతనికి నమ్మకం కలుగుతుంది.

బండి కూడా అంతే. ఇంటర్లో చేరాడని పదహారేళ్లవాడికి బండి కొనిస్తున్నాం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే తండ్రికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. ఆ పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. అడిగినవన్నీ కొనివ్వడం బాధ్యత నేర్పడం కాదు.

హాస్టలులో ఉన్న పిల్లకు ఆదివారం ఫోన్ చేసినప్పుడు మొదటి ప్రశ్న "వీకెండ్ టెస్టులో ఎన్నొచ్చాయి?" అని కాకుండా చూసుకోండి. ఏం తిన్నావు, నీ పక్క మంచం అమ్మాయి ఎట్లా ఉంది, నిద్ర పడుతోందా అని అడగండి. గొంతులో తేడా వినిపిస్తే మరుసటి ఆదివారం దాకా ఆగకుండా బస్సెక్కండి. "ఇక్కడ ఉండలేనమ్మా" అని పిల్ల అంటే, కట్టిన డబ్బు గుర్తొచ్చినా ఆ మాట నోటివెంట రానివ్వకండి, ముందు ఇంటికి తీసుకురండి. విశాఖలో నీట్‌కు చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి మరణం మీద వచ్చిన కేసులోనే సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటా విద్యాసంస్థలకు, కోచింగ్ సెంటర్లకు పిల్లల మనసు గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం కౌన్సెలర్ ఉన్నారా అని చేర్చేటప్పుడే అడగండి. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు ఉంది, 14416. పగలైనా రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు మీ ఫోన్లో ఒకటి, పిల్ల డైరీలో ఒకటి ఇవాళే రాసి పెట్టండి.