ఆకలి ఎందుకు మందగిస్తుంది?

"ఆకలి రుచెరగదు" అంటారు మన పెద్దలు. మరి కంచంలో కూర ఘుమఘుమలాడుతున్నా కొందరికి ముద్ద నోటికి పోదెందుకు? "దిష్టి తగిలింది" అని ఇంట్లో ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తారు. కాని అసలు కారణం ప్రేగులోనో, రక్తంలోనో ఉండవచ్చు.

ఆకలి ఎలా పుడుతుంది?

కడుపు ఖాళీ అయినపుడు జీర్ణాశయపు గోడల నుంచి గ్రెలిన్ అనే హార్మోను రక్తంలో కలుస్తుంది. దీనిని 1999లో జపాన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఇది మెదడులోని హైపోథలమస్‌పై పనిచేసి, తినాలనే కోరికను పుట్టిస్తుంది. జ్వరం వచ్చినపుడు, రోగక్రిములతో పోరాడుతూ శరీరం తయారుచేసే కొన్ని రసాయనాలు ఈ కోరికను అణచివేస్తాయి. మలేరియా వచ్చినవారికి అన్నం సహించకపోవడం అందుకే.

పాదాల గుండా వచ్చే శత్రువు

ఖమ్మం దాటి భద్రాచలం వైపు వెళితే అడవులు, పోడు చేలు కనిపిస్తాయి. వానాకాలంలో అక్కడి తడినేలపై చెప్పులు లేకుండా నడిస్తే ఏమవుతుందో చూడండి. ఆరుబయట మలవిసర్జన జరిగేచోట, నీడా తేమా ఉన్న మట్టిలో కొంకి పురుగుల గుడ్లు పగిలి డింభకాలు బయటికి వస్తాయి. అవి పాదాల చర్మాన్ని తొలుచుకొని రక్తంలో చేరతాయి. ఊపిరితిత్తులకు పోయి, అక్కడి నుంచి గొంతులోకి ఎగబాకుతాయి. గుటక వేయగానే కడుపులోకి, ఆపైన చిన్నప్రేగులోకి దిగుతాయి. అక్కడ సుమారు సెంటీమీటరు పొడవు పెరిగి, ప్రేగు గోడను పట్టుకొని రక్తం పీలుస్తాయి. వీటిలో ఒక జాతి పురుగు రోజుకు 0.2 మి.లీ. దాకా రక్తాన్ని పోగొడుతుంది. అలాంటివి వంద ఉంటే? లెక్క మీరే కట్టండి!

రక్తంతోపాటు ఇనుమూ పోతుంది. రక్తహీనత వస్తుంది, ఆకలి మందగిస్తుంది. తిండి తగ్గితే ఇనుము ఇంకా తగ్గుతుంది.

జావతో ఒక పరీక్ష

కెన్యాలో కొందరు బడి పిల్లలకు కావలసినంత జావ పోసి, ఎంత తాగారో కొలిచారు. కొందరికి ఆల్బెండజోల్ ఒక్క మోతాదు ఇచ్చారు. నాలుగు నెలల తర్వాత చూస్తే, మందు తీసుకున్నవారి ఆకలి, ఎదుగుదల మెరుగయ్యాయి. ఈ ఫలితాలు 1993లో వెలువడ్డాయి. రక్తహీనత ఉన్న పిల్లలకు ఇనుము మాత్రలు ఇచ్చినపుడు కూడా ఆకలి పెరిగినట్లు అక్కడే మరో పరిశోధనలో తేలింది.

మనమేం చేయాలి?

1. చెప్పులు లేకుండా బయట తిరగకండి. మరుగుదొడ్డినే వాడండి. భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.

2. దేశంలో 2015 నుంచి నులిపురుగుల నిర్మూలన దినం నాడు బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు. తప్పక వేసుకోండి.

3. మునగాకు, తోటకూర, పప్పులు తినండి. అన్నంలో నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనంతోపాటు టీ తాగితే ఆ ఇనుము సరిగా ఒంటబట్టదు.

4. దోమతెరలో పడుకోండి. జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకోండి.

5. ఆకలి లేకపోవడంతోపాటు బరువు తగ్గుతున్నా, రెండు వారాలకు మించి దగ్గు ఉన్నా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి.

మీ తమ్ముడో చెల్లెలో కంచం ముందు మొహం తిప్పుకుంటే కోప్పడకండి. ముందు వాళ్ల కనురెప్ప లోపలి భాగం చూడండి. ఎర్రగా ఉండవలసింది పాలిపోయి ఉంటే, ఆ సంగతి వెంటనే అమ్మకు చెప్పండి.