కళ్లు బాగున్నా చూపు ఆనని పిల్లలతో పనిచేసేవారికి

ప్రత్యేక అవసరాల పిల్లల భవిత కేంద్రంలోనో, జిల్లా ఆస్పత్రి డీఈఐసీ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్)లోనో కొత్తగా చేరినవారిని ఎక్కువగా తికమక పెట్టేది ఇలాంటి బిడ్డే. కంటి డాక్టరు చీటీలో కళ్లు బాగున్నాయని ఉంటుంది. తల్లేమో "నా మొహం చూడడు మేడం" అంటుంది. ఇద్దరి మాటా నిజమే. పుట్టగానే ఏడవకపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, తొలిరోజుల్లో రక్తంలో చక్కెర పడిపోవడం వంటి కారణాలతో మెదడులో కళ్లు చూసినదాన్ని పోల్చుకునే భాగాలు దెబ్బతినవచ్చు. దీన్నే సీవీఐ (సెరిబ్రల్ విజువల్ ఇంపెయిర్‌మెంట్) అంటున్నారు.

అలాగని అద్దాల సంగతి వదిలేయకండి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో చాలామందికి దగ్గరి వస్తువు మీద చూపు కుదరదు, అద్దాలు పెడితే తేడా తెలుస్తుంది. చుక్కల మందు వేసి పరీక్షించారా అని అడగండి. ఫిట్స్ అదుపులో లేకపోతే ముందు న్యూరాలజిస్టుకు చూపించమనండి.

ఇక మీ గది. గోడల నిండా అక్షరాల చార్టులు, రంగురంగుల బొమ్మలు ఉంటాయి. ఈ బిడ్డకు అదంతా కలగాపులగం. ఎదురుగా నల్లటి గుడ్డ కట్టండి. మీరూ పెద్ద పూల చీర కాకుండా ఒకే రంగుది కట్టుకుంటే మేలు. టీవీ, ఫోను ఆపేయండి. చాలామంది పిల్లలకు ఎరుపో పసుపో ముందుగా ఆనుతుంది కాబట్టి ఒక్క ఎర్ర గ్లాసు తీసుకోండి. కాస్త పక్కగా పట్టుకుని కొద్దిగా కదిపి ఆపండి. ఆ తర్వాత నోరు మెదపకండి. అన్నిటికన్నా కష్టం ఇదే. "ఇటు చూడు కన్నా" అని పిలుస్తుంటే బిడ్డ వింటాడు, చూడడం మానేస్తాడు. కొందరికి చూపు తిరగడానికే చాలాసేపు పడుతుంది. ఒక్కోసారి గ్లాసు వైపు చూసి, తల పక్కకు తిప్పేసి, అప్పుడు చేయి చాపుతాడు. అది చూడడమే. గడ్డం పట్టి మొహం తిప్పకండి. కళ్లలోకి టార్చి కొట్టకండి. ఫిట్స్ వచ్చే పిల్లల ముందు మిణుకుమిణుకుమనే లైట్లు వద్దే వద్దు.

నెలలు నిండకుండా పుట్టినవారిలో కొందరికి కిందివైపు ఆనదు. కంచం కాస్త ఎత్తులో పెట్టండి, మెట్ల దగ్గర చేయి పట్టుకోండి. ఆకలిగానో నిద్రమత్తులోనో ఉన్న రోజు చూపు తగ్గిందని రాసేయకండి.

మన దగ్గర గడిపే గంట ఏపాటిది? స్నానం చెంబు, అన్నం గిన్నె, పాల గ్లాసు ఒకే రంగువి పెట్టుకోమని తల్లికి చెప్పండి. ఇంట్లో ఆ పనులు చేస్తున్నప్పుడే చూడడం అలవాటవుతుంది. ఎంత మెరుగవుతుందని అడిగితే అంకెలు చెప్పకండి, ఇక రాదనీ అనకండి. చిన్న వయసులో మొదలుపెడితే చాలామందిలో మార్పు వస్తుంది, నెమ్మదిగా వస్తుంది.

ఏ రంగు, ఎటువైపు, ఎంత దూరంలో, ఎంతసేపటికి చూశాడో ఒక నోటు పుస్తకంలో రాస్తూ ఉండండి. బిడ్డ బడిలో చేరే రోజున ఆ పుస్తకం టీచరు చేతికి అందేలా చూడండి.