సంక్రాంతి బొమ్మల కొలువు – దేశపు కొలువు

పంట యింటికి చేరి గాదెలు నిండిన తరుణమున భోగి, సంక్రాంతి, కనుమ వచ్చును. కోస్తా జిల్లాలలో పెక్కు యిండ్ల బొమ్మల కొలువు తీర్చునది ఈ పండుగకే. మరికొన్ని సీమలలో దసరాకు తీర్తురు. మూడో, అయిదో, ఏడో మెట్లు కట్టి, వస్త్రము పరచి, తెల్లపొణికి చెక్కతో చేసిన కొండపల్లి బొమ్మలను, అంకుడు కర్రతో చేసిన ఏటికొప్పాక లక్కబొమ్మలను అమర్తురు. పేరంటమునకు వచ్చిన పిల్లలకు ఇంటి పెద్దామె ఒక్కొక్క బొమ్మ కథ చెప్పును.

వస్తువును భద్రపరచుట, వరుసగా అమర్చుట, దాని కథ చెప్పుట – ఈ మూడు పనులు జరుగు చోటికే ప్రదర్శనశాల అని పేరు. బొమ్మల కొలువు ఒక యింటిది, ప్రదర్శనశాల దేశమంతటిది. కావున ఈ పండుగ దినములలో ఒకనాడు పంచాయతీ సభ్యులు ఊరి కుటుంబములను వెంటబెట్టుకొని ప్రదర్శనశాలకు పోయి రావలెనని మా మనవి.

చూడదగిన తావు

నాగార్జునకొండను ఉదాహరణముగా గైకొందము. క్రీస్తుశకము 3, 4 శతాబ్దములలో అచటి లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసినది. శాంతమూల మహారాజు అశ్వమేధము చేసెను. ఆయన సోదరి శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యమునకు దానములు చేసెను. శివాలయము, కార్తికేయాలయము, బౌద్ధ విహారములు ఒకే నగరమున నిలిచినవి.

నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. లోయ మునుగునని తెలిసి పురావస్తు శాఖవారు 1954 మొదలు 1960 వరకు విరివిగా త్రవ్వకములు జరిపిరి. దొరికిన శిల్పములను, కొన్ని కట్టడములను కొండమీదికి చేర్చిరి. నేడు ఆ కొండ జలాశయము నడుమ ద్వీపము. అందలి ప్రదర్శనశాలలో మునిగిన లోయ నమూనాను చూడవచ్చును.

లాంచీలో పోవలసియుండును గనుక వేళలను ముందుగా విచారించుకొనవలెను. శుక్రవారము సెలవు.

కుటుంబమునకు పనులు

ఊరక చూచి వచ్చినచో పిల్లలకు అలసటయే మిగులును. ప్రతి బిడ్డయు ఒక శిల్పమును ఎన్నుకొని కాగితముపై గీయవలెను. ఇంటికి వచ్చి దానినే బంకమట్టితో చేసి కొలువులో నిలుపవలెను. స్త్రీలు శిల్పములలోని నగలను, తలకట్లను పరికించి, తమ పెద్దల నాటి వానితో పోల్చి పిల్లలకు చెప్పవలెను. చదువుకొన్నవారు ఫలకములను బిగ్గరగా చదివి తక్కినవారికి వినిపింపవలెను.

పంచాయతీ కర్తవ్యము

లోయ మునుగకముందే మేల్కొనుటచే విజయపురి జ్ఞాపకము దక్కినది. మన ఊళ్లను ఏ జలాశయమును ముంచకపోవచ్చును. కాని చెరువుగట్టున పడియున్న వీరగల్లు చాకిరేవు బండగా మారుచున్నది. శాసనముల అక్షరములు సున్నపు పూతక్రింద మాయమగుచున్నవి. రోడ్డు పనులలో పాతరాళ్లు పగిలిపోవుచున్నవి. ఒకసారి పగిలిన శాసనమును ఎవ్వరును మరల వ్రాయలేరు.

కావున కనుమ మరునాడు బడిపిల్లలతో ఊరు చుట్టివచ్చి, ప్రతి పాతరాతిని, విగ్రహమును, తాళపత్రమును ఒక పుస్తకమున ఎక్కింపుడు. ఉన్న తావు, కొలతలు, పెద్దలు చెప్పు కథ వ్రాయుడు. రాతిని కదల్పకుడు, సున్నము, రంగు పూయకుడు. ఆ పట్టికను రాష్ట్ర పురావస్తు శాఖకు పంపుడు.

నేల త్రవ్వుచుండగా పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికినచో, 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము కలెక్టరుకు వ్రాతమూలముగా తెలుపవలెను. దాచినవాడు తనకు రాదగిన వాటాను కోల్పోవుటయే గాక శిక్షకును పాత్రుడగును. పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశములకు పంపుటను 1972 నాటి చట్టము నిషేధించినది. ఈ సంగతులను గ్రామసభలో చదివి వినిపింపుడు.

పండుగ ముగియగానే ఇల్లాలు కొలువు బొమ్మలను గుడ్డలో చుట్టి మరుసటి యేటికై పెట్టెలో భద్రపరచును. ఊరి పెద్దలు ఊరి రాళ్లయెడ అంత శ్రద్ధ చూపిన చాలును.