జలగర్భంలో వజ్రాల ఊరు

పాఠ్యభాగ పరిచయం

లోకప్రసిద్ధి పొందిన వజ్రాలకు పుట్టినిల్లయిన కొల్లూరు నేడు కృష్ణానదీ జలాల క్రింద ఉన్నది. ఆ గ్రామ చరిత్రను ఈ పాఠంలో తెలుసుకొందాం.

పాఠం

కొల్లూరు నేటి పల్నాడు జిల్లా బెల్లంకొండ మండలంలో, కృష్ణానది కుడిగట్టున వెలసిన గ్రామం. గోల్కొండ వజ్రాలని లోకం కొనియాడిన రత్నాలలో పెక్కు ఇట్టి నదీతీర గ్రామాల మట్టిలో లభించినవే.

17వ శతాబ్దంలో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్ ఈ గనులను దర్శించినాడు. ఇక్కడ అరవై వేలమంది పనిచేస్తున్నారని 1676లో వెలువడిన తన యాత్రాగ్రంథంలో పేర్కొన్నాడు. పురుషులు గోతులు త్రవ్వేవారు. స్త్రీలు, పిల్లలు మట్టిని మోసేవారు. ఆ మట్టిని నీటితో కడిగి, ఎండబెట్టి, ధాన్యాన్ని చెరిగినట్లు చెరిగి, మిగిలిన రాళ్లలో వజ్రాలను వెదికేవారు. కోహినూరు ఇక్కడే దొరికిందని ప్రతీతి. కాని తిరుగులేని ఆధారం లేదు. టావెర్నియర్ ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయికి అమ్మిన నీలి వజ్రం కూడా కొల్లూరుదేనని పలువురి అభిప్రాయం. రత్నాలు రాజుల ఖజానాలకు చేరగా, శ్రామికులకు దక్కినది స్వల్ప వేతనమే.

19వ శతాబ్దంలో గనులు మూతపడినవి. ఊరు మాత్రం నిలిచింది. కృష్ణా డెల్టాలో నాట్లకు సకాలంలో నీరందించడానికి నాగార్జునసాగర్‌కు, ప్రకాశం బ్యారేజీకి నడుమ పులిచింతల ప్రాజెక్టును తలపెట్టినారు. 2004లో శంకుస్థాపన జరిగింది. 2013 డిసెంబరులో ప్రారంభమైంది. 45.77 టి.ఎం.సి.ల సామర్థ్యం గల ఈ జలాశయంలో నాటి గుంటూరు, నల్లగొండ జిల్లాల గ్రామాలు కొన్ని మునిగినవి. వాటిలో కొల్లూరు ఒకటి. గ్రామస్థులు ఇల్లూ వాకిలీ విడిచి పునరావాస కేంద్రాలకు తరలినారు.

డెల్టా రైతుకు కలిగిన మేలు కాదనలేనిది. అయితే కొల్లూరు తొలుత రత్నాలను, తరువాత తన నేలనే ఇచ్చింది. ఫలితం రెండుమార్లూ దూరప్రాంతాలకు చేరింది. విశాఖ ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన గ్రామాల కథ కూడా ఇట్టిదే. పరిహారం ఇంటికీ పొలానికీ వెల కడుతుంది. ఇరుగుపొరుగునకు, పూర్వుల సమాధులకు, ఊరి గుడికి వెల కట్టగలవారెవరు? ప్రాజెక్టు ప్రయోజనాన్ని లెక్కించేటప్పుడు నిర్వాసితుల బ్రతుకునూ లెక్కలోకి తీసుకోవడం సమాజం బాధ్యత.

కఠిన పదాలకు అర్థాలు

ప్రతీతి = ప్రసిద్ధి, జనుల నమ్మకం
నిర్వాసితులు = ఉన్న చోటు కోల్పోయినవారు

ప్రశ్నలు

1. కొల్లూరులో వజ్రాలను వెలికితీసిన విధానాన్ని వివరింపుము.
2. పులిచింతల ప్రాజెక్టు ఆవశ్యకత ఏమి?
3. పరిహారం తీర్చలేని నష్టాలెట్టివి? మీ ప్రాంతపు ఉదాహరణతో వ్రాయుము.