కాంపౌండ్ విల్లుకు సైట్ అమర్చుకోవడం ఎలా?

తమిళనాడులోని విరుదునగర్‌కు పడమటి దిక్కున శ్రీవిల్లిపుత్తూరు ఉంది. విల్లి అనే వేటనాయకుడి పేరు మీద ఆ ఊరు వెలిసిందని స్థలపురాణం చెబుతుంది. ఆ పక్క కొండల అడవి 2021 నుంచి శ్రీవిల్లిపుత్తూరు-మేఘమలై పులుల అభయారణ్యం. అందుకని విల్లు చేతికి తీసుకునే ముందు ఒక మాట స్పష్టంగా చెప్పుకుందాం. కాంపౌండ్ విల్లును అమెరికాలోని మిస్సోరీకి చెందిన హోలిస్ విల్బర్ అలెన్ రూపొందించాడు, 1969లో పేటెంట్ వచ్చింది. అక్కడ దాన్ని ఎక్కువగా వేటకే వాడతారు. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. అడవిపంది చేను తొక్కేసినా సరే, అటవీశాఖకు చెప్పాలి తప్ప విల్లు పట్టుకుని వెళ్లకూడదు. మనం గురిపెట్టేది కాగితానికే.

కాగితమే కదా అని తేలిగ్గా చూడకండి. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల వ్యక్తిగత ఫైనల్లో 149-145తో గెలిచింది. 50 మీటర్ల దూరం, 15 బాణాలు, మొత్తం 150 పాయింట్లు. అంటే పద్నాలుగు బాణాలు పదిలో, ఒక్కటి తొమ్మిదిలో. ఆ పది వలయం అడ్డం 8 సెంటీమీటర్లే, గోంగూర పచ్చడి వేసుకునే చిన్న గిన్నె మూతంత. 2028 లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీ కూడా చేర్చారు.

కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఇళ్లలో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదువుకున్న పిల్లలు చాలామంది ఉన్నారు. తెలుగు అక్షరాలు రానివాళ్లకు ఇది మీరే చదివి వినిపించండి. విల్లు అన్న మాట రెండు భాషల్లోనూ దాదాపు ఒక్కటే కనుక పని సులువే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

మీ ఒడ్డూ పొడుగుకు తగ్గట్టు లాగే పొడవు, లాగే బరువు సరిచేసిన విల్లు. చేతికి పెట్టుకుని నారిని వదిలే రిలీజ్. ఒకే రకం, ఒకే పొడవు, ఒకే మొన ఉన్న బాణాలు ఆరు. మూడు ఒక రకం, మూడు ఇంకో రకం ఉంటే ఈ పని ఎప్పటికీ తెగదు. గురి చూసుకోవడానికి విల్లుకు బిగించే సైట్, నారిలో కట్టే పీప్, దాన్ని కట్టడానికి గట్టి దారం. అలెన్ కీల కట్ట. మేస్త్రీలు వాడే రసమట్టం, దారానికి కట్టిన తూకపు గుండు. తెల్ల టేపు, సన్నమొన పెన్ను, చిన్న నోటుపుస్తకం. పుస్తకం దగ్గర లేకపోతే మొదలుపెట్టకండి. గుర్తులు తలలో నిలవవు.

చోటు గురించి కూడా చూసుకోవాలి. టార్గెట్ వెనక ఎత్తైన మట్టికట్ట ఉండాలి. కరిసల్ (నల్లరేగడి) నేల చదునుగా ఉంటుంది, కనుచూపు మేర ఎవరూ కనబడరు. కానీ సీమతుమ్మ పొదల్లో మేకలు కాసేవాళ్లు, కట్టెలు కొట్టేవాళ్లు ఉంటారు. కాంపౌండ్ విల్లు బాణం తప్పిపోతే రెండు వందల మీటర్లు దాటి పోగలదు. కట్ట లేని చోట ఒక్క బాణం కూడా వేయం.

ఏ సైట్ కొనాలి?

సైట్లు స్థూలంగా మూడు రకాలు. మొదటిది, ఒకదాని కింద ఒకటిగా నాలుగైదు పిన్నులు ఉండేది. దూరం ముందుగా తెలియని వేటలో ఒక్కో పిన్నును ఒక్కో దూరానికి పెట్టుకుంటారు. రెండోది, ఒకే పిన్ను ఉండి పైకీ కిందికీ జరిగేది. మూడోది టార్గెట్ సైట్: ముందుకు చాచిన కడ్డీ, దాని చివర అద్దం ఉన్న గుండ్రని స్కోప్, లోపల చుక్క, అడుగున రసమట్టం.

మొదటిసారి కొనేవాళ్లకు నా సలహా: ఒకే చుక్క ఉండి, మర తిప్పితే కొద్దికొద్దిగా కదిలేది, అంకెల గీతలు ఉన్నది తీసుకోండి. నాలుగు పిన్నులుంటే కంగారులో తప్పు పిన్ను పెట్టి వదిలేస్తారు. స్కోప్‌లో పెద్దగా చూపించే అద్దం ఇప్పుడే వద్దు. అది టార్గెట్‌ను పెద్దది చేసినట్టే మీ చేతి వణుకునూ పెద్దది చేస్తుంది. చుక్క ఎగిరెగిరి పడుతుంటే కొత్తవాళ్లు భయపడి రిలీజ్‌ను గభాల్న నొక్కేస్తారు, ఆ అలవాటు ఒకసారి పడితే పోవడానికి నెలలు పడుతుంది. ఆరు నెలలు మామూలు అద్దంతో వేసి, ఆ తర్వాత తక్కువ పవరుది పెట్టుకోవచ్చు.

పీప్ అంటే నారి మధ్యలో ఇరికించి కట్టే చిన్న కంత, మన వెనక సైట్ అదే. కంత పెద్దదైతే వెలుతురు బాగా వస్తుంది, గురి కాస్త వదులవుతుంది. చిన్నదైతే గురి కచ్చితం, కాని మబ్బు పట్టినా పొద్దు వాలినా ఏమీ కనబడదు. అంగుళంలో పదహారో వంతు మూడింతలు ఉన్న కంతతో మొదలుపెట్టి, తర్వాత ఎనిమిదో వంతుకు దిగండి.

మన ఎండ గురించి ఒక సంగతి. మెరిసే ఫైబర్ పిన్ను మిట్టమధ్యాహ్నం పువ్వులా విచ్చుకున్నట్టు కనబడి పది వలయాన్నంతా కప్పేస్తుంది. ఫైబర్ తీగకు కొంతమేర నల్ల టేపు చుడితే వెలుగు తగ్గి చుక్క సన్నబడుతుంది.

పని మొదలుపెడదాం

1. ముందు మీ యాంకర్ కుదరాలి. యాంకర్ అంటే నారి పూర్తిగా లాగాక మీ చెయ్యి దవడ దగ్గర ఆగే చోటు. రోజూ అదే చోట ఆగాలి. నారి ముక్కు కొసకు తగలాలి. ఇది కుదరకముందే సైట్ సరిచేయడం కదిలే బల్ల మీద తక్కెడ పెట్టడమే. కనీసం రెండు వారాలు అయిదు మీటర్ల దూరంలో, సైట్ లేకుండా వేయండి.

2. పీప్ ఎత్తు పెడదాం. కళ్లు మూసుకుని, బాణం పెట్టి, టార్గెట్ వైపే నారి లాగండి. యాంకర్ దగ్గర ఆగి కన్ను తెరవండి. కంత నేరుగా కంటి ఎదురుగా ఉండాలి. మెడ వంచితేనో గడ్డం ఎత్తితేనో కనబడుతోందంటే ఎత్తు తప్పు. పక్కన ఒకరిని నిలబెట్టి నారి మీద గుర్తు పెట్టించండి. నాలుగుసార్లు చేసి, నాలుగు గుర్తుల నడిమి చోటు తీసుకుందాం. నారి పోగుల మధ్య పీప్ దూర్చడానికి, విల్లును నొక్కి నారిని వదులు చేసే బౌ ప్రెస్ కావాలి. అది లేకుండా స్క్రూడ్రైవరుతో పోగులు విడదీయాలని చూడకండి, ఒక్క పోగు తెగినా నారి పోయినట్టే. ప్రెస్ ఉన్న దుకాణానికో శిక్షకుడి దగ్గరికో తీసుకెళ్లండి. పీప్ పైనా కిందా దారంతో గట్టిగా కట్టించండి. కట్టని పీప్ ఏదో ఒక రోజు ఎగిరొచ్చి కంటికి తగులుతుంది.

3. సైట్ బిగిద్దాం. విల్లు చట్రానికి సైట్ బోల్టుల కోసం రెండు రంధ్రాలుంటాయి. రెండు బోల్టులనూ చేత్తో తిప్పగలిగినంత తిప్పి, ఆ తర్వాతే కీతో ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించాలి. ఒకటి పూర్తిగా బిగించేస్తే రెండోది వంకరగా పోయి మర చెడుతుంది.

4. వలయంలో వలయం కుదరాలి. నారి లాగి చూసినప్పుడు పీప్ కంత అంచు లోపల స్కోప్ అంచు సరిగ్గా ఇమిడి, చుట్టూ వెంట్రుకంత వెలుగు కనబడాలి. స్కోప్ పెద్దగా కనబడి అంచులు తెగిపోతుంటే కడ్డీని ముందుకు జరపండి. చుట్టూ ఎక్కువ ఖాళీ ఉంటే వెనక్కి తెండి. చుక్క ఎక్కడుందా అని వెతకడం కన్నా ఈ వలయాలు కుదిరాయా అని చూసుకోవడమే ముందు. వలయాలు ఒక పక్కకు ఒరిగితే చుక్క పది మీద ఉన్నా బాణం ఆరులో పడుతుంది.

5. మట్టం సరిచేద్దాం. విల్లును బల్లకు కదలకుండా కట్టి, పక్కనే తూకపు గుండు వేలాడదీయండి. విల్లు ఆ దారానికి సరిసమానంగా నిలువునా ఉన్నప్పుడు స్కోప్‌లోని రసమట్టం బుడగ నడిమిలో ఉండాలి. లేకపోతే స్కోప్ పక్క మర వదులు చేసి సరిచేయాలి. ఎత్తుపల్లాల మీద వేసేవాళ్లు ఇంకో సర్దుబాటు కూడా చేసుకుంటారు. చదును నేల మీద నేర్చుకునేవాళ్లకు ఇప్పుడు అది అక్కర్లేదు.

6. పది మీటర్ల నుంచి మొదటి మూడు బాణాలు. అయిదు మీటర్ల గుర్తును నమ్మకండి. బాణం మన కంటికి బెత్తెడు కిందగా ఉంటుంది కనుక అంత దగ్గరలో లెక్క తారుమారవుతుంది. టార్గెట్ నడుమ చుక్క పెట్టి మూడూ అక్కడికే వేయండి. మొదటిది పక్కకు పోయిందని రెండోదానికి గురి మార్చకూడదు.

7. బాణం ఎటు పోతే సైట్ అటు. కొత్తవాళ్లందరూ తడబడేది ఇక్కడే. బాణాలు పైన పడితే సైట్ పైకి జరపాలి, ఎడమకు పడితే ఎడమకు. తిరకాసుగా తోస్తుంది, కాని కారణం ఇది: సైట్ పైకి జరిగితే చుక్కను మళ్లీ నడిమికి తేవడానికి మీ చెయ్యి విల్లును కాస్త కిందికి దించుతుంది, దాంతో బాణమూ దిగుతుంది. ముందు ఎత్తు సరిచేసి, తర్వాతే పక్కలు చూడండి. రెండూ ఒకేసారి తిప్పితే ఏది ఎంత మార్చిందో తెలియదు.

8. ఎంత జరపాలి? కంటి నుంచి సైట్ దాకా ఉన్న దూరాన్ని టార్గెట్ దూరంతో భాగించి, బాణాలు తప్పిన కొలతతో గుణించాలి. కంటికీ సైట్‌కీ మధ్య 90 సెంటీమీటర్లు అనుకుందాం. 18 మీటర్ల దగ్గర బాణాలు 10 సెంటీమీటర్లు కింద పడితే సైట్ 5 మిల్లీమీటర్లు దించాలి. అదే 50 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్ల తప్పుకు రెండు మిల్లీమీటర్ల లోపే. దూరం పెరిగేకొద్దీ మరను అంత మెల్లగా తిప్పాలన్నమాట.

9. 18, 30, 50 మీటర్లు. ఒక దూరంలో ఆరు బాణాలు ఒకచోట గుంపుగా పడ్డాకే వెనక్కి జరగాలి. కుదిరిన ప్రతి దూరానికీ సైట్ మీది అంకె పుస్తకంలో రాయండి, టేపు మీద గీత గీయండి. వెనక్కి పోయేకొద్దీ సైట్ దిగుతూ రావాలి. దిగడం లేదంటే ఎక్కడో అంకె తప్పు రాశారని అర్థం.

తరచూ జరిగే పొరపాట్లు

ఒక్క బాణం చూసి సైట్ తిప్పడం అన్నిటికన్నా పెద్ద తప్పు. అయిదు ఒకచోట పడి ఒకటి దూరంగా పోతే ఆ ఒక్కటి మీ చేతి తప్పు, సైట్‌ది కాదు. ఆరూ చెల్లాచెదురైనా సైట్ జోలికి పోకండి, యాంకర్ చూసుకోండి.

విల్లును బిగించి పట్టడం ఇంకొకటి. కోవిల్‌పట్టి హాకీకి పేరున్న ఊరు. హాకీ కర్ర పట్టిన పిల్లలు విల్లునూ అలాగే పిడికిలితో పడతారు. పిడికిలి బిగిస్తే విల్లు మెలితిరిగి బాణాలు ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి పోతాయి. నా దగ్గరికి వచ్చిన ఒక పిల్లవాడు "అన్నా, సైట్ పాడైంది" అంటూ పదిరోజులు మర తిప్పుతూనే ఉన్నాడు. బొటనవేలు, చూపుడువేలు మాత్రం విల్లుకు తాకించి మిగతా వేళ్లు వదులు చేయించాను. ఆ సాయంత్రమే ఆరు బాణాలూ అరచేతి వెడల్పులో పడ్డాయి. సైట్‌ను మేం ముట్టుకోలేదు.

గాలి రోజున సైట్ మార్చకండి. ఆడి నెల గాలికి అమ్మి (సన్నికల్లు) కూడా ఎగురుతుందని ఇక్కడి సామెత. కయత్తారు చుట్టూ గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు. ఆ రోజుల్లో పొద్దున్నే, గాలి లేవకముందు సైట్ పని ముగించుకోండి. మధ్యాహ్నం గాలికి పెట్టిన గుర్తు మర్నాడు పొద్దున తప్పే చూపిస్తుంది.

ఎండలో నిలిపిన కారులో విల్లు వదలకండి. వేడికి నారి సాగి పీప్ పక్కకు తిరుగుతుంది, యాంకర్ దగ్గర కంత కనబడకుండా పోతుంది. కొత్త నారికి ఇది మొదటి వందలాది బాణాల వరకూ ఎలాగూ ఉంటుంది, మళ్లీ మళ్లీ సరిచూసుకోవాలి.

బోల్టులు అదురుకు వదులవుతాయి. గుర్తులన్నీ ఉన్నట్టుండి మారిపోతే పుస్తకం అనుమానించే ముందు కీ తీసుకుని బోల్టులు తడమండి.

బాణం లేకుండా నారి లాగి వదలకండి. ఎదుటివాళ్లు లాగి చూస్తామన్నా విల్లు ఇవ్వకండి. బాణం మీదకు పోవాల్సిన బలమంతా విల్లులోనే తిరిగి లింబులు (విల్లు రెక్కలు) పగులుతాయి, ముఖానికి తగులుతాయి. వేసే ప్రతి బాణాన్నీ ముందు రెండు చేతులతో కొంచెం వంచి, బీటలు ఉన్నాయేమో చూడండి. బీట కనబడితే విరిచి పారేయండి, ఎంత ఖరీదైనదైనా సరే.

చేయి అలిసిందనిపిస్తే ఆ రోజుకు సైట్ మీద చెయ్యి వేయొద్దు. 50 మీటర్ల అంకె రాసుకున్నాక విల్లును సంచిలో పెట్టేయండి. మర్నాడు పొద్దున్నే, ఒంటిలో కొత్త బలం ఉన్నప్పుడు, మర ముట్టుకోకుండా అదే అంకె మీద మూడు బాణాలు వేయండి. మూడూ నిన్న పడిన చోటే పడితే, అప్పుడు ఆ అంకె చుట్టూ పెన్నుతో గుండ్రం చుట్టండి.