చీకటిలో చేసే ప్రార్థన



కష్టం వచ్చినప్పుడు మన విశ్వాసులలో కొందరు పరుగున దేవాలయానికి వస్తారు. నవదిన ప్రార్థనలు మొదలుపెడతారు, గుణదల మాతకు మొక్కుకుంటారు. మరికొందరు, అంతవరకు ప్రతి ఆదివారం పూజకు వస్తున్నవారే, ఉన్నట్టుండి రావడం మానేస్తారు. అప్పు తీరక పొలం అమ్ముకున్నవారు, చేతికి అందివచ్చిన బిడ్డను పోగొట్టుకున్నవారు. ఇంటికి వెళ్లి పలకరిస్తే, "దేవుని మీద కోపంగా ఉంది ఫాదర్‌గారూ. ఈ మనసుతో వచ్చి ఏమని జపం చేయమంటారు?" అంటారు. ఈ వారం వ్రాస్తున్నది ముఖ్యంగా వారి కోసం.

ఒకసారి బైబులు తెరచి 88వ కీర్తన చదవండి. కీర్తనల గ్రంథంలో మొరలకు కొదవలేదు. కాని ఆ మొరలు చాలావరకు ఎక్కడో ఒకచోట మలుపు తిరుగుతాయి. కన్నీటితో మొదలై నమ్మకంతో ముగుస్తాయి. ప్రభువు సిలువ మీద పలికిన మాటతో ప్రారంభమయ్యే 22వ కీర్తన సైతం స్తుతిగానే ముగుస్తుంది. 88వ కీర్తనలో ఆ మలుపు కనబడదు. కీర్తనకారుడు పగలూ రాత్రీ మొరపెడుతున్నాడు, జవాబు లేదు. స్నేహితులు దూరమయ్యారు. వారిని దూరం చేసినది నీవేనని దేవునితోనే అంటున్నాడు. చచ్చినవారు లేచి నిన్ను స్తుతిస్తారా అని నిలదీస్తున్నాడు. హెబ్రీ మూలంలో ఈ కీర్తన చివరి మాట "చీకటి". అక్కడితో ఆగిపోతుంది.

ఇటువంటి కీర్తనను తిరుసభ దాచిపెట్టలేదు. గురువులు, కన్యాస్త్రీలు ప్రతి శుక్రవారం రాత్రి నిద్రకు ముందు చేసే ప్రార్థనలో దానిని చేర్చింది. ఆ రోజు మాకు ఏ కష్టమూ లేకపోయినా మేము దానిని చదవవలసిందే. ఎందుకు? ఆ రాత్రి ఎక్కడో ఒక ఇంట నోరు పెగలని మనిషి ఉంటాడు. అతని మొర మా నోట పలుకుతుందన్నమాట.

"అయితే దేవుని మీద గొణగడం పాపం కాదా?" అని మీరు అడగవచ్చు. ఎడారిలో ఇశ్రాయేలీయులు గొణిగారు, దేవుడు దానిని తప్పుపట్టాడు, నిజమే. కాని వారు ఎవరితో గొణిగారో చూడండి. గుడారాలలో కూర్చుని ఒకరితో ఒకరు అనుకున్నారు, మోషే మీద పడ్డారు, ఐగుప్తుకు తిరిగిపోదామన్నారు. కీర్తనకారుడు అంతకంటె కటువైన మాటలే అన్నాడు గాని, దేవుని ముఖం మీదనే అన్నాడు. దేవునికి వీపు చూపించి మాట్లాడడం వేరు, ఎదుట నిలబడి మాట్లాడడం వేరు. తండ్రితో పోట్లాడే కొడుకు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడు కదా!

మొక్కుబడుల విషయం కూడా ఒక మాట. సమూవేలు తల్లి అన్నా కూడా మొక్కుకున్నది, కనుక మొక్కును ఎవరూ తేలికగా చూడనక్కరలేదు. అయితే దేవునితో బేరం కుదుర్చుకుంటున్నామని మాత్రం అనుకోవద్దు. ప్రార్థన దేవుని సంకల్పాన్ని మార్చడానికి కాదు, మన ప్రార్థన ద్వారా ఇవ్వాలని ఆయన సంకల్పించినదానిని పొందడానికే అని పునీత తోమా అక్వీనాసు బోధించాడు. సెమినరీలో ఇది చదువుకున్న రోజుల్లో పొడి తర్కంగా తోచేది. తరువాత అన్నా కథతో కలిపి చదివితే దానిలోని రుచి తెలిసింది. ఆమె పెదవులు కదులుతున్నాయి, స్వరం వినబడడం లేదు. యాజకుడైన ఏలీ ఆమె త్రాగి వచ్చిందనుకున్నాడు. (గురువులమైన మేము ఈ వాక్యాన్ని మరింత శ్రద్ధగా చదవాలి.) ఆమె లేచి వెళ్లి అన్నం తిన్నది, ముఖంలో దిగులు పోయింది. అప్పటికింకా బిడ్డ కడుపున పడలేదు!

మన కాలానికే వద్దాం. వియత్నాం దేశపు పీఠాధిపతి ఫ్రాన్సిస్ జేవియర్ న్గుయెన్ వాన్ తువాన్ గారిని 1975 ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగనాడు, అక్కడి ప్రభుత్వం నిర్బంధించింది. విచారణ లేదు, శిక్ష ఎంతకాలమో చెప్పలేదు. 13 ఏళ్లు చెరలో ఉన్నారు, అందులో 9 ఏళ్లు ఒంటరి నిర్బంధం. కడుపునొప్పికి మందు అనే పేరుతో విశ్వాసులు కొద్దిగా ద్రాక్షరసం పంపితే, అరచేతిలో మూడు చుక్కల ద్రాక్షరసం, ఒక చుక్క నీరు పోసుకుని దివ్యబలిపూజ చేసేవారు. ఇది చాలామంది చెబుతారు. అంతగా చెప్పనిది మరొకటుంది. ఒక్క జపం కూడా చెప్పలేకపోయిన రోజులు తనకున్నాయని విడుదలైన తరువాత ఆయనే ఒప్పుకున్నారు. 2017లో తిరుసభ ఆయన్ను పూజనీయులుగా ప్రకటించింది. జపం చేయలేకపోయిన ఆ రోజులు దానికి అడ్డురాలేదు.

కాబట్టి మీకు మాటలు రానప్పుడు కొత్త మాటలు వెతుక్కోవద్దు. గెత్సేమనిలో ప్రభువు మూడవసారి కూడా మునుపటి మాటలనే పలికి ప్రార్థించాడని మత్తయి వ్రాశాడు. దేవుని కుమారునికే ఒక్క ప్రార్థన మూడుసార్లు సరిపోయింది. జపమాలలో ఒక్క పూస పట్టుకుని ఒక్క మంగళవార్త జపం చెప్పండి. అదీ రాకపోతే "యేసువా" అనండి. ఇంట్లో మరొకరిని బిగ్గరగా చదవమని, మీరు ప్రక్కన ఊరకే కూర్చోండి.

ఆ రాత్రి ప్రభువు మరొక పని కూడా చేశాడు. ముగ్గురు శిష్యులను తోడు తీసుకువెళ్లి, తనతో మెలకువగా ఉండండని అడిగాడు. వారు నిద్రపోయారు, అది వేరే సంగతి. మనిషి తోడు అడగడం విశ్వాసం లేకపోవడం కాదు. కనుక నిద్ర పట్టని రాత్రులు వరుసగా వస్తుంటే, బ్రతకాలనిపించడం లేదనే ఆలోచన ఒక్కసారి తొంగిచూసినా, ప్రార్థిస్తున్నాను కదా అని ఇంట్లోవారికి చెప్పకుండా దాచుకోవద్దు. డాక్టరు వద్దకు వెళ్లండి. మీ విచారణ గురువు తలుపు తట్టండి. అర్ధరాత్రయినా సరే, పూజ మానేసి ఎన్నేళ్లయినా సరే.